వెన్నెముక ఖరీదు: దేశపు లెక్క, పల్లె లెక్క

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులతో మాటలాడుటకు వచ్చిన ప్రచారోద్యోగులు రోడ్లు, దీపములు, మురుగు కాలువలు, పన్నుల వసూలు మొదలగు విషయములను గూర్చి చెప్పుట పరిపాటి. నేడు మేము వెన్నెముకను గూర్చియు, దాని వైద్యమునకగు వ్యయమును గూర్చియు చెప్పదలచినాము. ఇది డాక్టర్ల విషయము గదా, పంచాయతీకి దీనితో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. పని యున్నదని చూపుటయే మా ప్రసంగము యొక్క ఉద్దేశము.

పల్లెలో బ్రతుకు నడుము మీద నిలిచియున్నది. నాట్లు వేయు స్త్రీ నడుము వంచవలెను. ధాన్యపు బస్తా మోయు హమాలీకి నడుము గట్టిగా నుండవలెను. తాడిచెట్టెక్కువానికి, బావిలో పూడిక తీయువానికి, ట్రాక్టరు తోలువానికి నడుమే పెట్టుబడి. ఆ నడుము పడిపోయిన నాడు ఆ యింటికి రెండు నష్టములు ఒక్కమారే కలుగును. రావలసిన కూలి ఆగిపోవును. ఆసుపత్రికి పోవలసిన సొమ్ము బయలుదేరును. గాదెలోని గింజలు, మెడలోని బంగారము, చివరకు ఎకరమో అరయెకరమో పొలము ఆ దారినే పోవును. ఒక కుటుంబము ఎన్ని యేండ్లు కష్టించి కూడబెట్టినది ఎన్ని దినములలో కరగిపోవునో మీకు మేము చెప్పనక్కరలేదు. మీ యూళ్లలో మీరే చూచియున్నారు.

కావున ముందుగా దేశపు లెక్కను చూతము. పిదప ఆపరేషను లెక్కను చూతము. ఆ మీదట పల్లె లెక్కకు వత్తము.

దేశపు లెక్క

మన దేశమున వైద్యమునకై యేటేట ఎంత ఖర్చగుచున్నదో, ఆ ఖర్చును ఎవరు భరించుచున్నారో తెలుపు లెక్కలను కేంద్ర ఆరోగ్య శాఖవారు ప్రకటించుచున్నారు. వీనిని జాతీయ ఆరోగ్య లెక్కలందురు. వీనిలో కేంద్ర ప్రభుత్వము పెట్టునది, రాష్ట్ర ప్రభుత్వములు పెట్టునది, స్థానిక సంస్థలు పెట్టునది, భీమా కంపెనీలు చెల్లించునది, రోగి తన జేబునుండి తీసి యిచ్చునది, అన్నియు చేరియుండును.

2021-22 సంవత్సరపు లెక్క ప్రకారము దేశమున వైద్యమునకైన మొత్తము వ్యయము సుమారు 9 లక్షల 4 వేల కోట్ల రూపాయలు. తలకు పంచినచో 6,602 రూపాయలు వచ్చును. దేశము యొక్క మొత్తము ఉత్పత్తి నూరు రూపాయలనుకొన్నచో, అందులో 3 రూపాయల 83 పైసలు వైద్యమునకు పోయినవన్నమాట.

ఈ మొత్తముకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఆ సొమ్ము ఎవరి సంచినుండి వచ్చినది? 2013-14లో వైద్యమునకు ఖర్చయిన ప్రతి నూరు రూపాయలలో 64 రూపాయలకు పైగా జనులు తమ జేబులనుండియే యిచ్చిరి. ప్రభుత్వముల వంతు 29 రూపాయలకు కొంచెము లోపుగా నుండెను. 2021-22 నాటికి జనుల జేబుల వంతు 39 రూపాయల 40 పైసలకు తగ్గినది. ప్రభుత్వముల వంతు 48 రూపాయలకు పెరిగినది. ప్రభుత్వము తలకు పెట్టిన ఖర్చు 2014-15లో 1,108 రూపాయలు. 2021-22లో 3,169 రూపాయలు.

ఇది మంచి మార్పు. దీనిని ఎవరును కాదనలేరు. అయినను లెక్క చదువువారు లెక్కలోని మెలకువను గూడ ఎరుగవలెను. మొదటిది: ఈ యంకెలు ఏ సంవత్సరపు ధరలలో ఆ సంవత్సరమునకు చెప్పినవి. కావున పెరిగిన ప్రతి రూపాయియు కొత్త సేవ కాదు. కొంత ధరల పెరుగుదల. రెండవది: 2021-22 కోవిడు నాటి సంవత్సరము. టీకాల కొరకును, ఆసుపత్రుల యేర్పాట్ల కొరకును ప్రభుత్వములు ఆ యేడు ఎక్కువగా ఖర్చు చేసినవి. మూడవది: 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానమున ప్రభుత్వ వ్యయము 2025 నాటికి దేశోత్పత్తిలో నూటికి రెండున్నర కావలెనని లక్ష్యముగా పెట్టుకొనిరి. 2021-22లో అది 1.84 కడ నున్నది. నడచిన దారి కొంత; నడువవలసిన దారి కొంత.

మరియొక మాట. నూటికి 39 అనునది సగటు లెక్క. సగటు లోతు మోకాలిబంటి యని యేటిలో దిగినవాడు నడుమ గుండములో మునుగవచ్చును. ఏడాది పొడవున ఒక జ్వరపు మాత్రయు కొనని యిల్లును, వెన్నెముక విరిగి మూడు మాసములు ఆసుపత్రిలో పడియున్న యిల్లును ఈ సగటులో కలిసిపోవును. ఇంటిని ముంచునది ఏటి సగటు ఖర్చు కాదు. ఒక్కమారుగా మీదపడు పెద్ద ఖర్చు. వెన్నెముక ఆపరేషను అట్టి పెద్ద ఖర్చులలో నొకటి.

ఆపరేషను ఖర్చులో నేమేమి యుండును?

ఇటుకలు కొనినంత మాత్రమున ఇల్లు లేవదు. సున్నము, కలప, మేస్త్రీ కూలి అన్నియు కావలెను. అట్లే వెన్నెముక ఆపరేషను ఖర్చనగా డాక్టరుగారి ఫీజు మాత్రమే కాదు.

మొదట ఎం.ఆర్.ఐ. స్కానింగు. దానికి కోట్ల ధర చేయు యంత్రము కావలెను. పిదప మత్తు డాక్టరు, శస్త్రచికిత్స డాక్టరు, నర్సులు, ఆపరేషను గది. తరువాత ఎముకలలో బిగించు మరలు, కడ్డీలు. ఆ పిమ్మట ఆసుపత్రిలో పడక, మందులు, నెలల తరబడి వ్యాయామ చికిత్స. ఇవి బిల్లులో కనబడునవి. బిల్లులో కనబడనివి మరి కొన్ని గలవు: బస్సు ఛార్జీలు, తోడున్నవారి తిండి, వారు పోగొట్టుకొన్న కూలి, వడ్డీకి తెచ్చిన సొమ్ముపై వడ్డీ.

వెన్నెముక ఆపరేషనులు అన్నియు ఒకటి కావు. నరమును నొక్కుచున్న ఎముక ముక్కనో, జారిన డిస్కు భాగమునో తీసివేయుట యొక రకము. రెండు మూడు వెన్నుపూసలను మరలతోను కడ్డీలతోను బిగించి యొక్కటిగా అతుకుట మరియొక రకము. మొదటిదానికంటె రెండవది పెద్ద పని. దానికి కాలమెక్కువ, సామగ్రి యెక్కువ, ఖర్చెక్కువ. అపాయము గూడ ఎక్కువే. విరిగిన వెన్నునకును, స్థానము తప్పిన పూసకును ఆ పెద్ద పనియే కావలసియుండవచ్చును. అన్నిటికిని అదే కావలెనని మాత్రము లేదు.

శరీరములో అమర్చు పరికరముల ధరలను అదుపులో నుంచుటకు ప్రభుత్వము కొన్ని చర్యలు తీసికొన్నది. 2017 ఫిబ్రవరిలో గుండె నాళములలో పెట్టు స్టెంటులకును, అదే యేట ఆగష్టులో మోకాటి కీళ్లకును గరిష్ఠ ధరలు నిర్ణయింపబడినవి. 2020 ఏప్రిలు 1 నుండి వైద్య పరికరములన్నియు మందుల చట్టము క్రిందికి వచ్చినవి. వాని గరిష్ఠ చిల్లర ధరను ఏడాదిలో నూటికి పదికి మించి పెంచరాదను నియమము వర్తించుచున్నది. ఇది ధర విషయము. ఆపరేషను కావలెనా వద్దాయను విషయమును ఏ ధరల పట్టికయు తేల్చలేదు. దానిని అర్థము చేసికొనుటకు మరియొక దేశపు అనుభవమును చూతము.

అమెరికా నేర్పు పాఠము

వైద్యమునకు ప్రపంచములో అన్ని దేశములకంటె ఎక్కువ ఖర్చు చేయునది అమెరికా. అచ్చట 1960లో దేశోత్పత్తిలో నూటికి 5 వంతులు వైద్యమునకు పోయెడివి. 2023లో 17.6 వంతులు పోయినవి. ఆ యేడు తలకు 14,570 డాలర్లు ఖర్చయినవి.

ఆ ఖర్చులో వెన్నునొప్పి, మెడనొప్పి చిన్నవి కావు. 154 రకముల వ్యాధులకు అచ్చట ఎంతెంత ఖర్చగుచున్నదో పండితులు లెక్క కట్టి 2020లో ప్రకటించిరి. 2016 సంవత్సరమునకు కట్టిన ఆ లెక్కలో అన్నిటికంటె పై వరుసలో నిలిచినది నడుము, మెడ నొప్పుల వైద్యము. అది 13,450 కోట్ల డాలర్లు. మధుమేహము మూడవ స్థానమున నున్నది.

ఇంత ఖర్చునకు ఫలమేమి? 1997 నుండి 2005 వరకు వెన్ను, మెడ బాధలున్నవారిపై అమెరికాలో జరిగిన వ్యయమును మరియొక పరిశోధన పరిశీలించినది. ధరల పెరుగుదలను మినహాయించియే ఆ వ్యయము నూటికి 65 వంతులు పెరిగినది. కాని ఆ జనుల ఆరోగ్యము తదనుగుణముగా బాగుపడినట్లు కనబడలేదు. నొప్పులున్నవారు తమ పనులు తాము చేసికొనలేమని చెప్పుట తగ్గలేదు సరికదా, పెరిగినది.

మరియొక లెక్క ఇంకను స్పష్టముగా నున్నది. అచ్చటి వృద్ధుల ప్రభుత్వ వైద్య పథకము క్రింద, నడుము భాగమున నరముల దారి ఇరుకైనందుకు 2002 నుండి 2007 వరకు జరిగిన ఆపరేషనులను లెక్కించిరి. మొత్తము ఆపరేషనులు పెరుగలేదు; కొంచెము తగ్గినవి. అయితే పెక్కు పూసలను బిగించి అతుకు క్లిష్టమైన ఆపరేషనులు మాత్రము లక్షకు 1.3 నుండి 19.9కి, అనగా పదునైదు రెట్లు పెరిగినవి. నరముపై ఒత్తిడి తీసివేయు సామాన్యమైన ఆపరేషనుకు ఆసుపత్రి వేసిన బిల్లు సగటున 23,724 డాలర్లు. క్లిష్టమైనదానికి 80,888 డాలర్లు. ప్రాణాపాయకరమైన చిక్కులు మొదటిదానిలో నూటికి 2.3, రెండవదానిలో 5.6. ఐదేండ్లలో ముసలివారి వెన్నెముకలు పదునైదు రెట్లు పాడగుట సాధ్యమా? కాదు. మారినది వైద్యపు అలవాటు, పరికరముల వాడుక, సొమ్ము చెల్లించు విధానము.

ఈ మాటలు శస్త్రచికిత్స చేయు డాక్టర్లను నిందించుటకు చెప్పుట లేదు. వేళకు చేసిన ఆపరేషను వలన కాళ్లు తిరిగి కదలినవారు, మంచము దిగి పొలమునకు పోయినవారు గలరు. మేము చెప్పునది యింతే: ఖర్చు పెరుగుట వేరు, ఆరోగ్యము పెరుగుట వేరు. రెండును ఒకటేయని యెంచినచో ధనిక దేశము గూడ మోసపోవును. మనవంటి దేశమున, మనవంటి పల్లెలలో ఆ మోసమునకు పొలమే అమ్ముకొనవలసివచ్చును.

స్కానింగులో కనబడినదెల్ల జబ్బు కాదు

2020లో ప్రపంచమందు 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి యున్నదనియు, 2050 నాటికి వీరు 84 కోట్లు దాటుదురనియు అంచనా. వీరందరికి ఆపరేషను కావలెనా? వీరిలో అత్యధికులకు అక్కరలేదు.

1994లో అమెరికాలో ఒక పరీక్ష చేసిరి. వెన్నునొప్పి యేమియు లేని 98 మందిని ఎం.ఆర్.ఐ. యంత్రములో పరీక్షించిరి. వారిలో నూటికి 52 మందికి ఏదో యొక డిస్కు ఉబ్బియున్నట్లు కనబడినది. వారికి నొప్పి లేదు, బాధ లేదు. వయస్సుతో తల నెరసినట్లే డిస్కులును అరుగును. కావున స్కానింగు కాగితములో డిస్కు ఉబ్బినదని వ్రాసియున్నంత మాత్రమున ఇల్లెల్ల గుండె బాదుకొననక్కరలేదు. ఆ కాగితమును రోగి బాధతోను, డాక్టరు చేతితో చేసిన పరీక్షతోను కలిపి చూడవలెను.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పికి ఆపరేషను లేని వైద్యమును గూర్చి సలహాలు ప్రకటించినది. వ్యాయామము, జబ్బును గూర్చి రోగికి తెలియజెప్పుట మేలని అందులో చెప్పినది. నడుము పట్టీలు, బరువులు కట్టి లాగుట, నల్లమందు జాతి మందులు మామూలుగా వాడరాదని గూడ చెప్పినది. సంతలో కొన్న పట్టీ బిగించి, మూలలో మంచము వేసికొని నెలల తరబడి పరుండుట మేలు కంటె కీడే చేయును.

అయితే కొన్ని గుర్తులు కనబడినచో ఒక్క దినమును జాగు చేయరాదు. కాళ్లలో బలము తగ్గిపోవుట. మలమూత్రములపై అదుపు తప్పుట లేక మూత్రము బిగియుట. కూర్చుండు భాగము తిమ్మిరెక్కుట. క్రింద పడిన తరువాత వెన్నునొప్పి. జ్వరముతోను, చిక్కిపోవుటతోను, రాత్రివేళ హెచ్చగు నొప్పి. ఇవి కనబడినవారిని నాటువైద్యుని కడకో, నడుము తొక్కించుటకో తీసికొనిపోక, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. నొప్పి కొద్దిగా నున్నవాడు లక్షలు ఖర్చు చేయుటయు, కాళ్లు పడిపోవుచున్నవాడు సొమ్ము లేదని ఇంట పడియుండుటయు రెండును మన పల్లెలలో జరుగుచున్న తప్పులే.

అట్టి రోగికి సొమ్ము లేదను భయము నేడు కొంత తగ్గినది. 2007 ఏప్రిలు 1న నాటి ఆంధ్రప్రదేశములో మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకము మొదలైనది. తెలంగాణములో ఆ పథకపు పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచిరి. ఆంధ్రప్రదేశములో అదే మాసమున 25 లక్షలకు పెంచిరి. అచ్చట ఆ పథకము 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్య సేవ యను పేరుతో నడచుచున్నది. దేశవ్యాప్తముగా 2018 సెప్టెంబరు 23న ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకములో కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల వరకు గలదు. 2024 అక్టోబరు నుండి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ దానిని వర్తింపజేసిరి. కార్డు ఇంటిలో నుండియు తెలియక అప్పు చేసినవాడు ఊరిలో నుండరాదు. ఆ బాధ్యత మీది.

పల్లె లెక్క: వెన్నును నిలుపు మూడు పనులు

ఇంతవరకు విరిగిన పిదప బాగుచేయు ఖర్చును చూచితిమి. విరుగక మునుపే కాపాడు ఖర్చును చూతము. ఇది మీ చేతిలోని లెక్క.

మొదటిది నీరు. ఫ్లోరైడు మితిమీరిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో వెన్నెముకను పట్టియుంచు నరాలవంటి కట్లు సున్నపు గట్టిదనము పొందును. వెన్ను వెదురు గడవలె బిగిసి, వంగిపోవును. పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కి కాళ్లు చచ్చుబడుటయు కలదు. ఒకమారు వంగిన వెన్నును తిన్నగా చేయు మందు లేదు. మన దేశమున ఈ వ్యాధిని మొట్టమొదట శాస్త్రజ్ఞులు గుర్తించి వ్రాసినది తెలుగు నేలమీదనే, నాటి మదరాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లాయందు, 1937లో. నల్లగొండ ప్రాంతము, కనిగిరి, పొదిలి ప్రాంతములు దీని వలన పడిన బాధ లోకమెరిగినదే. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును నీటి అడుగునకు దించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థవారు రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతియనియే పేరు. ఒక ఊరి కష్టము శాస్త్రమునకు పేరైనది.

నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుగా నుండుట మంచిది. వేరు నీరు లేనిచోట ఒకటిన్నరను మించరాదు. ఈ పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ క్రింద ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పవలెనను ఏర్పాటు గలదు. ఒక రక్షిత జలపథకము సరిగా నడచుచున్నంత కాలము ఎన్ని వెన్నెముకలు తిన్నగా నిలుచునో లెక్క కట్టుడు. అది ఏ ఆపరేషను గదిలోను సాధ్యము కాని పని. కుళాయి చెడినదని వారము దినములు ఊరివారు పాత బోరింగు నీటికి పోయినచో, ఆ వారమును చిన్న విషయముగా తలపరాదు.

రెండవది పడుట. తాటిచెట్టు, ఈతచెట్టు మీదినుండి జారిన గీతకార్మికుడు. గోడ లేని బావిలో పడినవాడు. కప్పు నేయుచు దిగజారినవాడు. ధాన్యపు బస్తాల పైనెక్కి ట్రాక్టరు మీదినుండి పడినవాడు. వెన్ను విరిగి నడుము క్రిందిభాగము చచ్చుబడినవారిలో పెక్కురు పనిచేయు వయస్సువారే. తెలంగాణ ప్రభుత్వము 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచము పేర గీతకార్మికులకు భద్రతా సామగ్రిని పంచుట ఆరంభించినది. మోకు జారినను మనిషి నేలమీద పడకుండ పట్టి నిలుపుట దాని పని. ఇచ్చిన సామగ్రి అటక మీద పెట్టక, చెట్టెక్కునపుడు కట్టుకొనునట్లు చూచుట గ్రామస్థుల పని. బావికి గోడ కట్టించుట పంచాయతీ పని.

పడినవానిని తెచ్చు విధము గూడ ముఖ్యమే. కాళ్లొకరు, చేతులొకరు పట్టి యెత్తుట, మోటారు సైకిలు మీద ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి తెచ్చుట మన వారి తొందర. ఆ తొందరలో, విరిగిన పూస వెన్నుపామును నొక్కి, కదలుచున్న కాళ్లు శాశ్వతముగా కదలకపోవచ్చును. పడినవానిని కదలింపరాదు. 108కి ఫోను చేయవలెను. 2005 ఆగష్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ సేవ నేడు పల్లె పల్లెకు వచ్చుచున్నది. తప్పనిసరిగా కదలింపవలసివచ్చినచో నలుగురు కూడి, తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు పట్టి, దూలమును దొర్లించినట్లు దొర్లించి, గట్టి పలక మీదనో తలుపు చెక్క మీదనో పరుండబెట్టవలెను. దీనిని నేర్చుకొనుటకు ఒక పూట చాలును. దీనికి కాణీ ఖర్చు లేదు.

మూడవది క్షయ. క్షయ ఊపిరితిత్తులకే వచ్చునని పలువురి నమ్మకము. అది వెన్నుపూసలకును వచ్చును. పూస లోలోపల కరగి, వీపున గూని లేచి, కాళ్లు పడిపోవును. తొలిదశలో కనిపెట్టినచో పెక్కుమందికి మందులతోనే నయమగును. పరీక్షయు, మందులును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. మందు తినుచున్నంత కాలము పోషణకై నెలకు 500 రూపాయల చొప్పున 2018 నుండి యిచ్చుచుండిరి. 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసిరి. క్షయ లేని పంచాయతీలను గుర్తించు కార్యక్రమమును 2023 మార్చి 24న ప్రారంభించిరి. క్షయరోగి పేరు దాచి మెప్పు పొందుట కాదు; రోగిని వెదకి, మందు పూర్తిగా తినిపించి మెప్పు పొందుట మీ గౌరవము.

మీ చేతిలోని అధికారము, మీ చేతిలోని సొమ్ము

ఇవన్నియు చేయుటకు మాకు అధికారమెక్కడిది, సొమ్మెక్కడిది యని మీరడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పంచాయతీల విషయములుగా పేర్కొనబడియున్నవి. 2021-22 నుండి 2025-26 వరకు గల అయిదేండ్లకు పదునైదవ ఆర్థిక సంఘము స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకై 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. అదే సంఘము పంచాయతీల మామూలు గ్రాంటులో నూటికి 60 వంతులు త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును సగము సగముగా కట్టివేసినది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ నుండి ఏడాదికి 10,000 రూపాయల వరకు విడి నిధి యేర్పాటు గలదు. దేశపు లెక్కలో ప్రభుత్వపు వంతు నూటికి 29 నుండి 48కి పెరిగినదని చెప్పితిమి గదా. ఆ పెరుగుదల మీ యూరికి చేరినదా లేదా యనునది మీ తీర్మానముల పుస్తకము చూచిన తెలియును.

కావున ఈ తరగతులనుండి ఇంటికి పోయిన పిదప చేయవలసిన పనులను కొన్నింటిని మనవి చేయుచున్నాము.

1. ఊరిలోని త్రాగునీటి ఆధారములన్నింటిని వానకు ముందొకమారు, వాన తరువాత నొకమారు పరీక్ష చేయించి, ఫలితమును పంచాయతీ గోడపై వ్రాయింపుడు.

2. గోడ లేని బావులను, మూతలేని గోతులను లెక్కించి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్పుడు.

3. గీతకార్మికులు, హమాలీలు, కప్పు నేయువారు, ట్రాక్టరు డ్రైవర్లు, వీరిని పిలిపించి ఆరోగ్య కార్యకర్తచేత పడినవానిని తెచ్చు విధమును నేర్పింపుడు. ఊరికొక గట్టి పలకను అందరికి తెలిసినచోట నుంచుడు.

4. వైద్య పథకపు కార్డు ఏ యింట లేదో వార్డువారీగా జాబితా వ్రాసి, లేనివారికి ఇప్పింపుడు.

5. ఊరిలో నెవరికైన వెన్నెముక ఆపరేషను చేయవలెనని చెప్పినపుడు, పైన చెప్పిన అపాయపు గుర్తులు లేనిచో, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో రెండవ డాక్టరు అభిప్రాయమును గూడ తీసికొమ్మని చెప్పుడు. ఆపరేషను ఏ రకమైనది, చేయనిచో నేమగును, మరలు బిగించుట అవసరమా, మొత్తము ఖర్చెంత, పథకము క్రింద వచ్చునా యను ప్రశ్నలు వేయుటకు రోగికి హక్కు గలదు. చదువురాని వానికి తోడుగా మీలో నొకరు పొండు.

6. నెలకు మించిన నడుము నొప్పియు, జ్వరమును, చిక్కిపోవుటయు కలవారిని ఆశా కార్యకర్త ద్వారా క్షయ పరీక్షకు పంపుడు.

సోదరులారా, సోదరీమణులారా, ఆపరేషనుకు లక్షలు వెచ్చించుటకు ఢిల్లీయో, హైదరాబాదో, అమరావతియో నిధులు సమకూర్పవచ్చును. అది అవసరమే. కాని కుళాయి చెడిన దినమున మెకానికును పిలుచుటకు, బావి గోడ పని ముగించుటకు, తాడిచెట్టు క్రింద పడియున్న మనిషిని తొందరపడి ఎత్తకుండ నలుగురిని ఆపుటకు ఊరిలో నున్నది మీరే. దేశపు లెక్కలో నొక వెన్నెముక ఆపరేషను ఒక చిన్న పద్దు. ఇంటి లెక్కలో అది పొలము. ఆ పద్దు పడకుండ మీరాపినచో, ఏ పుస్తకములోను ఎవరును వ్రాయరు; ఆ పొలమున యథాప్రకారము నాట్లు పడును. అంతకు మించిన లాభము పంచాయతీకి వేరొకటి లేదని మేము నమ్ముచున్నాము.